చేతికందని చెంప

పదకొండేళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నది క్షమించమని కాదు. ఇక మోయలేక.

నేను కళాచరిత్ర చదివినదాన్ని. దేవుడి బొమ్మల్ని జనం చూడటం గురించి కాదు, ముట్టుకోవడం గురించి నా పరిశోధన. విడవలూరు అవతల, సముద్రం దగ్గర, చేపలు పట్టే పల్లెకారుల ఊళ్లో చిన్న గుడి ఉంది. అక్కడి రాతి అమ్మవారి ఎడమ చెంప తరతరాల ఆడవాళ్ల చేతులు తగిలి నున్నగా అరిగిపోయింది. ఆ చెంప కోసమే రెండేళ్లు ఆ ఊరికి తిరిగాను.

రమణమ్మ అక్కడే పరిచయమైంది. చూపు పోయిన ముసలామె. రోజూ పొద్దున్నే గోడ పట్టుకుని వచ్చి, అమ్మవారి చెంప మీద అరచెయ్యి ఆనించి నిలబడేది. ఎందుకని ఒకసారి అడిగాను.

"జరమొచ్చి పోయిన నా బిడ్డ మొగం మర్చిపోతన్నా పాపా. ఈడ చెయ్యేస్తే గుర్తుకొస్తాది."

ఆ పరిశోధన మీద నేను రాసిన పుస్తకం ఆ మాటతోనే మొదలవుతుంది.

తర్వాత, పాత విగ్రహాల బాగోగులు చూసే ఆఫీసు వాళ్లు ఆ అమ్మవారి గురించి నా అభిప్రాయం అడిగారు. అక్కడే నాకు ఉద్యోగం దొరికేలా ఉంది. వాళ్లకేం కావాలో నాకు తెలుసు. చేతుల చెమటకు రాయి పాడవుతోంది, జనాన్ని దూరంగా ఉంచాలి అని రాసి సంతకం పెట్టాను. అబద్ధమా? కాదు. రాయి అరుగుతున్న మాట నిజమే. కానీ ఆ అరుగుదలే ఆ అమ్మవారి అసలు రూపమని రెండేళ్లు వాదించి, సంతకం పెట్టే క్షణాన రమణమ్మ చెయ్యి గుర్తొచ్చి కూడా ఆగని మనిషిని ఏమనాలి?

ఉద్యోగం వచ్చింది. గుళ్లో కటకటాలూ వచ్చాయి.

ఆర్నెల్లకు వెళ్తే, రమణమ్మ ఇనుప కడ్డీల సందులోంచి భుజందాకా చెయ్యి చాపి నిలబడి ఉంది. అందడం లేదు. నా గొంతు గుర్తుపట్టింది.

"వచ్చినావా పాపా. ఎవురు పెట్టించినారు ఇది? చదువుకున్నదానివి, కనుక్కొని తీసేయమని చెప్పమ్మా."

"కనుక్కుంటాను పెద్దమ్మా."

"నువ్వుండావు గదా. ఇంక నాకేం."

మళ్లీ ఆ ఊరికి వెళ్లలేదు. మరుసటి ఏడు వానల్లో ఆమె పోయిందని కోడలు ఫోన్ చేసి చెప్పింది. పాప వస్తుంది, తీయిస్తుంది అని చివరిదాకా అందరితో అనేదట. ఇన్నేళ్లలో నేను ఒక్క కాగితం రాయలేదు. రాస్తే ఆ మొదటి కాగితం ఎవరిదో బయటపడుతుంది. అంతే భయం. అంత చిన్న భయం.

నిన్న తీసేయమని ఆఫీసుకు అర్జీ రాశాను. ఆ కడ్డీలు పెట్టమన్నది నేనేనని మొదటి వాక్యంలోనే రాశాను. తీస్తారో లేదో తెలియదు. తీసినా ఆమె లేదు. ఆ వాక్యం రాశాక కలం పక్కన పెట్టి చాలాసేపు ఏడ్చాను. కాస్త ఊపిరాడింది.