యముడికి సెన్షూర్

మా బస్ డిపో మేనేజర్ గంగాధరం సారు యముడికే సెన్షూర్ ఇచ్చిన మనిషి. శ్మశానంలో నిలబడి, గట్టిగా చదివి మరీ ఇచ్చాడు. నేను కళ్లారా చూశాను.

సెన్షూర్ అంటే తెలియనివాళ్లకు నేనే చెప్పాలి. ఇంకా చదివితే అయ్యవార్లకు పని ఉండదని ఎనిమిదిలోనే బడి మానేసినవాణ్ని. 'నువ్వు చేసింది తప్పు' అని ఆఫీసు ముద్రేసి చెప్పడమే సెన్షూర్. జీతం కోయరు, ఉద్యోగం తీయరు. శిక్షల్లోకెల్లా చిన్నది.

సారుకు అదంటే ప్రాణం. డిపో గేటు దగ్గర నా కొట్లో టీ చల్లారితే నాకు సెన్షూర్. సాంబారులో ఉప్పు తగ్గితే భార్య చంద్రకాంతమ్మకు సెన్షూర్.

"నోటితో చెప్తే మర్సిపోతారప్పా. రాసిస్తే గ్యాపకముంటాది" అనేవాడు.

చంద్రకాంతమ్మ ఆ కాగితాలతోనే పొయ్యి ముట్టించి, మళ్లీ అదే సాంబారు కాచేది.

తొంభై ఆరులో డ్రైవర్ ఎల్లప్ప నిండు బస్సును పుత్తూరులో నడిరోడ్డు మీద వదిలేసి పరిగెత్తాడు. భార్య సంతోషమ్మకు కాన్పు కష్టమైందని కబురొచ్చింది. అతను ఆసుపత్రి చేరేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ లేరు.

బస్సు వదిలేసినవాణ్ని ఉద్యోగంలోంచి తీసేయడానికి పై ఆఫీసరు మర్నాడే వస్తున్నాడని డిపో అంతా తెలిసిపోయింది.

శ్మశానంలో మేము గుంతలో మట్టి వేస్తుండగా సారు వచ్చాడు. చేతిలో దండ లేదు, కాగితం ఉంది.

"ఎల్లప్పా, బస్సు వదిలి పోయినందుకు నీకు సెన్షూర్. ఈడ సంతకం పెట్టు."

కండక్టర్ దయానంద్ పార కింద పడేశాడు. "నీకు మనసనేది ఉండాదా సార్?"

"ఉండాది. టైమే లేదు. పెట్టు ఎల్లప్పా."

ఎల్లప్ప మట్టి చేత్తోనే పెట్టాడు. ఆ సాయంత్రం నా కొట్లో సారును తిట్టనివాడు లేడు. అందరికన్నా గట్టిగా తిట్టింది నేనే.

మర్నాడు ఆఫీసరు కుర్చీలో కూర్చోకుండానే అన్నాడు: "ఆ ఎల్లప్పను తీసేయండి."

"కుదరదు సార్." మా సారు కాగితం ఆయన ముందు పెట్టాడు. "ఆ తప్పుకు నిన్ననే శిక్ష పడిపోయినాది. ఒక తప్పుకు రెండు శిక్షలు రూల్లో లేవు."

ఆఫీసరు కాగితం మీది మట్టి మరకను చూశాడు. "శ్మశానంలో ఇస్తారటయ్యా ఎవరైనా?"

"వాడు యాడుంటే ఆడ ఇచ్చినాను సార్."

ఎల్లప్ప ఇప్పటికీ పాకాల బస్సు నడుపుతున్నాడు. పెళ్లాన్నీ బిడ్డనూ తీసుకెళ్లింది చాలక, అతని కూడు కోసం కూడా వచ్చిన యముడికి మా సారు సెన్షూర్ ఇచ్చి పంపాడని నేను వచ్చిన ప్రతివాడికీ చెప్తుంటాను. మొన్న చెప్తుంటే వెనక బెంచీ మీద సారే ఉన్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

"తప్పు చెప్పొద్దప్పా. యముడు మన డిపో స్టాఫ్ గాదు."