స్టూలు మేడం

మా సర్జరీ వార్డులో కౌన్సెలర్ గారిని అసలు పేరుతో ఎవరూ పిలవరు. అందరికీ ఆవిడ స్టూలు మేడం. ఏ గదికి వెళ్ళినా తన పొట్టి స్టూలు తనే మోసుకెళ్తుంది. "నిలబడి అడిగితే ఎవరైనా 'బాగానే ఉన్నానండీ' అని పంపించేస్తారు. కూర్చుంటేనే మాట బయటికొస్తుంది" అంటుంది. ఓసారి "స్టూలు మేడం వస్తున్నారు" అని చెబితే, కొత్తగా చేరిన పెద్దాయన మల పరీక్షకనుకుని డబ్బా పట్టుకుని బాత్‌రూమ్‌లో దూరాడు. ఎంతకీ బయటికి రాడే! ఆవిడ తలుపు బయటే స్టూలేసుకుని, "తొందరేం లేదు బాబాయిగారూ, నాకు కావాల్సింది కబుర్లే" అంది. లోపల్నుంచి ఆయన నవ్వు వార్డంతా వినిపించింది.

ఆవిడకు గిట్టని మాట ఒకటుంది: "ఏం కాదు." నేనేమో ఆపరేషన్ థియేటర్ నర్సుని. ఆ మాట లేనిదే నాకు పూట గడవదు.

"ఏం కాదంటే వాళ్ళకి ధైర్యం రాదు సిస్టర్, నోరు మూతపడుతుంది" అనేది.

"అయితే ఏదో అవుతుందని చెప్పమంటారా?" అని నేను మీదికి లేచేదాన్ని.

"ఏమవుతుందని మీ భయం, అని అడగండి. అడిగి ఆగండి."

ఆగడమట! నాకూ ఆగడానికీ ఆమడ దూరం.

ఇలా ఉండగా మా వదినకు గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు తేలాయి. నొప్పి వస్తే మెలికలు తిరిగిపోయేది. ఆపరేషన్‌కని రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ ఆస్పత్రి గౌను విప్పేసి ఇంటికి పారిపోయింది. ఈసారి చీము పడితే ప్రాణం మీదికొస్తుందని డాక్టర్ గట్టిగానే చెప్పాడు. మళ్ళీ తీసుకొచ్చి మంచమెక్కించి, "ఏం కాదు వదినా! లోపల నేనే ఉంటానుగా!" అని అరిచాను. ఆ మాటతో ఆవిడ ఇంకా ముడుచుకుపోయింది.

స్టూలు మేడం వచ్చి కూర్చుంది. వదిన కుట్టే జాకెట్ల గురించి, చంకల దగ్గర బిగుతు గురించి చాలాసేపు మాట్లాడింది. నాకు ఒళ్ళు మండింది. తర్వాత, "ఏమవుతుందని మీ భయం?" అని అడిగి ఊరుకుంది. వదిన నా వంక చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. మేడం నన్ను బయటికి వెళ్ళమని సైగ చేసింది. కాసేపటికి లోపల పడీపడీ నవ్వులు!

ఏమిటని అడిగితే, "అది ఆవిడ మాట సిస్టర్, చెబితే ఆవిడే చెప్పాలి. రేపటికి ఒప్పుకుంది. కానీ మీరు లోపల ఉండకూడదట" అంది.

సొంత ఆడపడుచుని బయట నిలబెడతారా! నిజంగానే ఏడుపొచ్చింది.

మర్నాడు అన్నయ్య పక్కన బెంచీ మీద గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. లోపలి నర్సు తలుపు తీసి, "అంతా బాగా జరిగింది. మత్తులో కుక్కర్ కుక్కర్ అంటున్నారు. స్టవ్ కట్టేసే వచ్చారా?" అంది.

అన్నయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ కుక్కర్ ఇంట్లో లేదండీ" అన్నాడు మెల్లిగా. "నా పక్కనే ఉంది."

పెళ్ళయిన కొత్తలో వదిన నాకు పెట్టిన పేరట. ముందు బుసబుసలు, తర్వాత విజిలు. మత్తులో నోరుజారి నా ముందే అనేస్తానేమోనని ఆవిడ భయం. అందుకోసం ప్రాణం మీదికి తెచ్చుకుంది, పిచ్చి తల్లి!

మండిపడుతూ లోపలికి వెళ్ళాను. వదిన కళ్ళు మూసుకునే చెయ్యి చాచి వెతుకుతోంది. "మా కుక్కర్ని పిలవండి. అది పక్కనుంటే నాకు ధైర్యం."

కోపం ఎటు పోయిందో! "ఏం కాదు" నోటిదాకా వచ్చింది, మింగేశాను. అప్పటికే మంచం పక్కన కూర్చుని ఉన్న మేడం లేచి, తన స్టూలు నా వైపు జరిపింది. కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఇక్కడే ఉన్నాను వదినా. చెప్పు."

ఆవిడ ఒక కన్ను తెరిచింది. "విన్నావా?"

"విన్నాను."

"విజిల్ వెయ్యవుగా?"

"ఇప్పుడు కాదులే. నువ్వు ఇంటికొచ్చాక వేస్తాను" అన్నాను. వదిన నవ్వింది. కుట్లు లాగి "అమ్మా" అంటూనే మళ్ళీ నవ్వింది.