బాకాలో వినిపించిన సాక్ష్యం

మా ఊరు బొబ్బిలికి దగ్గర. చర్చి పైకప్పు మీద బాకా ఉంది. మైకు ముందు ఎవరు దగ్గినా ఊరంతా వింటుంది. ఈ సంగతి నాకు తెలియదా? బాగా తెలుసు. అయినా ఆ ఆదివారం సాక్ష్యం చెప్పమని మైకు చేతికిచ్చేసరికి ఒళ్లు మరిచిపోయాను. చిన్నప్పటి నుంచీ నా నోరు నా మాట వినదు.

దేవుని ప్రేమ నన్నెంత మార్చిందో అందరి ముందూ చెప్పాలి. అది తెలియాలంటే ముందు నేను పడ్డ కష్టం చెప్పాలి కదా! అత్త సంగతి ఎత్తుకున్నాను.

"పచ్చి బాలింతని. మా అత్త నాకు గుక్కెడు గంజి పొయ్యనేదు. ఐనా ఆవిణ్ణి క్షమించీసినాను. ఇయ్యాల ఆవిడికి వండి పెడతన్నానంటే అదంతా ప్రభువు ప్రేమే."

ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. నాకు ప్రాణం ఎంత హాయిగా ఉందో!

బయటికి వస్తుంటే పాస్టరు గారి భార్య నా చెయ్యి పట్టుకుని, "బాగా సెప్పినావమ్మా. ఊరు ఊరంతా యిన్నారు" అంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు బాకా. మా అత్త చర్చికి రాదు. ఆవిడ దేవుళ్లు ఆవిడకున్నారు. చింతపండు రోజుల్లో ఆ వేళకు వీధరుగు మీద ఇరుగుపొరుగు ఆడవాళ్లతో కూర్చుని చింతపిక్కలు తీస్తూ ఉంటుంది. అంటే నా సాక్ష్యం ఆవిడ వాళ్ల మధ్యన కూర్చునే విన్నదన్నమాట.

ఇల్లు రెండు వీధుల అవతలే. అయినా చుట్టుదారి పట్టాను. అత్త కొడుకును పిలిచి, అదో నేనో తేల్చుకోమంటుందేమో. మా ఆయన తల్లి మాట జవదాటే మనిషి కాదు.

ఇంట్లో అడుగు పెట్టగానే అత్త, "వచ్చినావా? కూడు తిను" అంది. అంతే. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. తిట్టుకు తిట్టు అప్పజెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య. కూడు తినమంటే ఏం అప్పజెప్పను? బొబ్బిలిలో ఆటో తోలే మా ఆయన సాయంత్రం వచ్చి, "ఇంటి గుట్టు బాకాలో ఏసినావు. మాయమ్మ ఊర్లో తలెత్తుకు తిరగాలా, వద్దా?" అని గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

సోమవారం, మంగళవారం ఆవిడ కంట పడకుండా తిరిగాను. బుధవారం గానీ గమనించలేదు, అత్త అరుగు మీదికి వెళ్లడం మానేసింది. చేటనిండా చింతపండు ఒళ్లో పెట్టుకుని, ఓరగా వేసిన తలుపు వెనకాల కూర్చుంది. బయట ఆడవాళ్లు నవ్వినప్పుడల్లా తలెత్తి వింటోంది. మళ్లీ దించుకుంటోంది.

నలభై ఏళ్ల స్నేహం వాళ్లది. ఈ వయసులో ఆవిడకున్న లోకమల్లా ఆ అరుగే. దాన్ని నేను లాగేసుకున్నాను. క్షమించానన్నానే, క్షమించినవాళ్లు ఎవరైనా దాన్ని బాకాలో చాటుతారా? సిగ్గుతో చచ్చిపోయాను. ఎప్పుడూ గడగడా వచ్చే ప్రార్థన ఆరోజు రాలేదు. "ఆవిడ మళ్లీ బయటికెళ్లేలా చెయ్యి ప్రభువా" అని మాత్రం అనగలిగాను. నా గురించి అడగడం మరిచిపోయాను. అలా మరిచిపోవడం నాకు అదే మొదటిసారి.

మళ్లీ ఆదివారం మైకు అడిగాను. పాస్టరు గారు హడలిపోయి, "మళ్లీ ఏటమ్మా?" అన్నారు. అయినా మైకు ఇచ్చారు. నెలలు నిండకుండా పుట్టిన నా బిడ్డను ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టినప్పుడు, ఆ గది గుమ్మం దగ్గర పదకొండు రోజులు కట్టుబట్టతో కూర్చున్నది మా అత్తేనని చెప్పాను. పోయిన వారం ఆ సంగతి కావాలనే దాచానన్నాను. నేను చెప్పింది ప్రేమ కాదు, పగ అన్నాను. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు.

ఇంటికి వెళ్లేసరికి అత్త గుమ్మంలో నిలబడి ఉంది.

"యిన్నాను. మరి గంజి మాట అబద్దమని ఎందుకు సెప్పనేదు?"

"అబద్దం కాదు కదత్తా."

అత్త తల దించుకుంది. "కాదు. పొయ్యనేదు. ఎందుకు పొయ్యనేదో ఇన్నేళ్లూ నాకే తెల్దు" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆవిడ లోపలికి వెళ్లి చేట తెచ్చుకుంది. గడప దాకా వచ్చి ఆగిపోయింది. "ఒక్కద్దాన్నీ యెల్లలేనే. నువ్వూ రా."

మమ్మల్ని చూడగానే అరుగు మీద మాటలు ఆగిపోయాయి. ఎవరేమంటారోనని నేను తలెత్తలేదు. ఆవిడ నా రెక్క పట్టుకుంది.

"కాసింత జరగండర్రా. మా కోడలు కూసుంటాది."