ఖాళీ గిన్నె ఇవ్వని బ్రిగ్స్ గారు

ఆర్థర్ బ్రిగ్స్ గారు ఇక లేరు. ఆ మంగళవారం పొద్దున్నే మల్లమ్మగారు ఫోన్ చేసి, "సుభద్రమ్మా, బిగ్స్ సారు సచ్చిపోయిండమ్మా. చాయ్ తాగుకుంటనే పానం ఇడిసిండు" అంటే, నా నోటివెంట వచ్చిన మొదటి మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "అదేమిటండీ, ఆదివారం పనసపొట్టు కూర పంపిన మా గిన్నె ఇంకా ఆయన దగ్గరే ఉందిగా!" అన్నాను. మల్లమ్మగారు నవ్వలేదు, తిట్టలేదు. "నాదిగూడ ఆడనే ఉన్నది బిడ్డా" అని ఏడ్చింది. ఆ గిన్నె ఇవ్వకుండా ఆయన ఎక్కడికీ వెళ్ళరన్నది మా ఇద్దరికీ ఉన్న గట్టి నమ్మకం. మృత్యువు ఆ నమ్మకాన్ని లెక్కచేయలేదు.

బ్రిగ్స్ గారిని తెలియనివారికి రెండు మాటలు. ఇంగ్లండులో ఉత్తరాదిన, సముద్రతీరాన ఒక చిన్న ఊరు ఆయనది. అక్కడి బ్యాంకుల వ్యవహారం మా కుర్రకారుకు నేర్పడానికి గచ్చిబౌలిలోని మా సాఫ్ట్‌వేర్ కంపెనీకి రెండేళ్ళ ఒప్పందం మీద వచ్చారు. ఆ రెండేళ్ళు ఎంతకీ పూర్తికాలేదు. పొడుగాటి మనిషి, ముఖం నిండా గోధుమరంగు మచ్చలు, మేజోళ్ళ మీద చెప్పులు, మండుటెండలో నల్లగొడుగు. భార్య ఇంగ్లండులో ఉండగానే పోయింది, పిల్లలు లేరు, ఉన్నది ఒక్క అక్కగారు. నల్లగండ్లలో మా పక్క ఫ్లాటులో అద్దెకు దిగారు. ఆ ఫ్లాటు ఇదే భవనంలో ఉండే మల్లమ్మగారిది. ఆవిడది గోపన్‌పల్లి, మా అపార్ట్‌మెంటు లేచిన నేల ఒకప్పుడు వాళ్ళ జొన్నచేను. ఆ సంగతి ఆవిడా మరిచిపోదు, మమ్మల్నీ మరవనివ్వదు.

ఆఫీసులో ఆయన గొంతు పెంచగా విన్నవారు లేరు. పని బాగా చెడిపోతే మాత్రం "ఇది చాలా ఆసక్తికరంగా ఉంది" అనేవారు. కొత్తగా చేరిన కుర్రాడొకడు అది పొగడ్త అనుకుని ఆ సాయంత్రం అందరికీ మైసూర్‌పాక్ పంచాడు. బ్రిగ్స్ గారు కిక్కురుమనకుండా తన ముక్క తిన్నారు, ఇంకో ముక్క అడిగి మరీ తిన్నారు. ఆ తర్వాత ఆ కుర్రాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, వాడు పాడుచేసిందంతా వాడిచేతే బాగుచేయించారు. ఎందుకండీ ఇంత ఓపిక అని నేనడిగితే, "మిఠాయి తిన్నాక ఎలా కోప్పడతానండి?" అన్నారు. ఆయన తెలుగు అలాగే ఉండేది. నా దగ్గర నేర్చిన 'అండి', మల్లమ్మగారి దగ్గర నేర్చిన 'జర' కలిపి "జర ఆగండి" అంటుంటే లిఫ్టులో కొత్తవాళ్ళు తిరిగి చూసేవారు.

ఇక గిన్నెల కథ చెప్పాలి. అదే ఆయన కథ.

పక్కింట్లోకి వచ్చిన వారానికే మా అత్తగారు ఆయనకు పులిహోర పంపించారు. మా ఇంటి స్టీలు గిన్నెలన్నిటి మీదా ఆవిడ పేరు చెక్కి ఉంటుంది, ఎవరింటికి వెళ్ళినా దారి తెలిసి తిరిగి రావడానికి. అరగంటలో గంట మోగింది. గిన్నె తళతళా తోమి, గుడ్డతో తుడిచి, రెండు చేతులా పట్టుకుని బ్రిగ్స్ గారు. మూడుసార్లు ధన్యవాదాలు చెప్పి వెళ్ళారు. మా అత్తగారు ఆ ఖాళీ గిన్నెలోకి చూసి, "పెద్దమనిషిలా ఉన్నాడు, ఇదేం పనే అమ్మాయ్" అని మొహం ముడుచుకున్నారు. తణుకు దగ్గరి పల్లెలో పుట్టి పెరిగిన మాకు అది మామూలు విషయం కాదు. అయినా ఆయనతో చెప్పే ధైర్యం నాకెక్కడిది? ఆఫీసులో ఆయన నాకు పై అధికారి.

మల్లమ్మగారికి ఆ మొహమాటాలు లేవు. తన గిన్నె కూడా అలాగే తిరిగొచ్చిన రోజున గుమ్మంలోనే నిలదీసింది. "ఏంది సారూ, గిట్ల ఉత్త గిన్నె చేతుల వెడ్తవా? ఇంటికి మంచిది గాదు. ఏం లేకుంటే జర చక్కెరన్న ఏసియ్యాలె!" ఆయన మొహం కందగడ్డ అయింది. మర్నాడు పొద్దున ఒక గ్లాసు పంచదారతో మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. మొన్న వేయాల్సింది ఇప్పుడు వేస్తున్నానని, దయచేసి ఆ గిన్నె ఒకసారి తెస్తారా అని అడిగారు. మా అత్తగారు గిన్నె తెచ్చి పట్టారు. ఆయన పోశారు. ఆ క్షణం నుంచి ఆవిడ ఆయన పక్షం.

అక్కడితో ఆగితే ఆయన బ్రిగ్స్ గారు ఎందుకవుతారు? వచ్చిన గిన్నె నింపి ఇవ్వాలన్నది నియమం కదా. మరి తను పంపిన గిన్నె నిండుగా తిరిగొస్తే, అదీ ఒక పంపకమే కదా, దానికీ జవాబు ఉండాలి కదా అని ఆయన తర్కం. పుట్టింది మొదలు ఈ ఆచారంలో బతుకుతున్న మాకు ఎక్కడ ఆపాలో తెలుసు. ఆయనకు తెలియదు. నీలం అంచున్న తెల్లటి పింగాణీ గిన్నె ఒకటి ఉండేది, ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నది. అందులో రొట్టె ముక్కలు, పాలు, ఎండుద్రాక్ష వేసి ఓవెన్లో ఏదో చేసి పంపేవారు. "తియ్య ఉప్మాలా ఉందే" అనేవారు మా అత్తగారు. అంటూనే గిన్నె గీకి తినేవారు. ఆ గిన్నెలో సున్నుండలు పెట్టి తిప్పి పంపితే మర్నాటికి అదే గిన్నెలో కస్టర్డు వచ్చేది. దానికి మేము గారెలు పంపితే ఇంకేదో. "వియ్యాలవారి మర్యాదల్లా ఇది తెగేట్టు లేదే" అని ఆవిడ తల పట్టుకునేవారు. చివరికి ఏ వేళ చూసినా మా అంతస్తుల్లో ఎవరిదో ఒక గిన్నె ఆయన వంటింట్లో, ఆయన గిన్నె ఎవరిదో ఒకరి వంటింట్లో ఉండేది.

శనివారాలు మాత్రం ఆయన తన దేశస్థులవి. రాయదుర్గం మెట్రో దగ్గరి హోటల్లో ఆరేడుగురు ఆంగ్లేయులు చేరేవారు. ఒకసారి నన్నూ తీసుకెళ్ళారు. టీ వచ్చేలోపు మొదలైంది: అక్కడా, ఇక్కడా? అక్కడ ఫుట్‌పాత్ మీద నడవచ్చు, ఇక్కడ ఫుట్‌పాత్ మీద బైకులు నడుస్తాయి. ఇక్కడ డాక్టరు ఇవాళే చూస్తాడు, అక్కడ ఎప్పుడు చూస్తాడో తెలియదు. అక్కడ నిశ్శబ్దం, అదే అక్కడి సుఖమని ఒకావిడ, అదే అక్కడి బాధని ఇంకొకాయన. ఇంటికి వెళ్ళాలా వద్దా అన్నది తేలకుండానే బిల్లు వచ్చింది. బ్రిగ్స్ గారు ఒక్కమాట అన్నారు: "ఇక్కడుంటే అక్కడి వాన గుర్తొస్తుంది. అక్కడుంటే ఇక్కడి హారన్లు గుర్తొస్తాయి. నాకు రెండూ నచ్చవండి, అయినా గుర్తొస్తాయి."

తిరిగి వస్తూ చందానగర్ మార్కెట్లో వంకాయలకు ఆగాం. కూరలమ్మి తూకం వేసి, సరిపోయాక ఇంకో రెండు కాయలు పైన పడేసింది. సరిపోయింది కదా, ఇవెందుకని ఆయన అడిగారు. "కొసరు సారూ! కొసరెయ్యకుంటే రేపొస్తవా?" అందావిడ. ఆయన దారంతా ఏదో ఆలోచిస్తూ వచ్చి లిఫ్టు దగ్గర, "మా శనివారం బల్ల మీద తూకం ఎప్పుడూ సమానమేనండి. కొసరు ఎవరు వేస్తారన్నదే ప్రశ్న" అన్నారు.

పదవీ విరమణ చేసిన ఏడు ఆయన నిజంగానే బయలుదేరారు. అక్కగారు జోన్ ఆయనకోసం గది సిద్ధం చేసి, గోడలకు రంగు కూడా వేయించారట. వెళ్ళే ముందురోజు ఇంటింటికీ వచ్చి గిన్నెలు ఇచ్చారు. అన్నీ ఖాళీవే. మా అత్తగారు గిన్నెను వంచి మరీ చూశారు. మల్లమ్మగారే అంది, "మల్ల ఉత్త గిన్నెనే? మర్చిపోయినవా సారూ?"

"మర్చిపోలేదండి" అన్నారు ఆయన. "నింపి ఇస్తే మీరు మళ్ళీ పంపాలి. తీసుకోవడానికి నేను ఉండను కదా."

మా అత్తగారు లోపలికి వెళ్ళి ఏడ్చారు. ఆయన నీలం అంచు గిన్నె ఆ రోజు మా వంటింట్లోనే ఉంది. తెచ్చి ఇవ్వబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఖాళీగా ఎలా ఇస్తామే? వచ్చాక ఇద్దాంలే" అన్నారు. ఆవిడ 'వచ్చాక' అంటుంటే నాకు జాలేసింది.

కొన్ని నెలలకే ఆయన వచ్చేశారు. కంపెనీవాళ్ళు పాఠాలు చెప్పమని పిలిచారన్నది పైకి చెప్పిన కారణం. అసలు సంగతి మా బాల్కనీలో కూర్చుని ఆయనే చెప్పారు. అక్కగారి పొరుగావిడకు ఆపిల్‌తో పిండివంట చేసి పట్టుకెళ్ళారట. ఆవిడ చాలా సంతోషించిందట. రెండు రోజుల తర్వాత గిన్నె శుభ్రంగా కడిగి గుమ్మంలో పెట్టి వెళ్ళింది, లోపల 'థాంక్యూ' అని రాసిన చిన్న కాగితం. "ఆవిడ చాలా మంచిదండి. మా ఊరూ చెడ్డది కాదు. కానీ నేను ఆ కాగితం ఎత్తి కింద కూడా చూశానండి" అన్నారు. చెబుతూ ఆయన నవ్వారు, మేమూ పడిపడి నవ్వాం. ఆయన ఫ్లాటు ఖాళీగానే ఉంది. అద్దెకు అడగవచ్చినవాళ్ళందరికీ పైకప్పు కారుతోందని చెప్పి మల్లమ్మగారు తరిమేసింది. అది మధ్య అంతస్తు.

అయినా శనివారాల తూకం మానలేదాయన. ఏది మీ ఇల్లు అని ఎవరడిగినా, వచ్చే ఏడు చెబుతాననేవారు. ఆ మాట చెప్పకుండానే పోయారు.

జోన్ గారు వచ్చేదాకా ఆయన ఆసుపత్రి శవాగారంలో ఉన్నారు. తమ్ముడి పోలికే, అంతే పొడుగు. నాతో ఇంగ్లీషులో మృదువుగానే, స్పష్టంగానే చెప్పారు, "మా అమ్మానాన్నల పక్కన స్థలం ఉంది. వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాను." ఆయన మావాడని అపార్ట్‌మెంటు మీటింగులో గట్టిగా వాదించినవాళ్ళంతా ఆవిడ ముందు అలాగేనమ్మా అని తలలూపారు. తోబుట్టువు ముందు పొరుగువాళ్ళకు ఏం హక్కు ఉంటుంది? అది న్యాయమని తెలుసు. తెలిసినా ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఆ మధ్యాహ్నం వంటిల్లు సర్దడానికి తోడు రమ్మన్నారు. అలమార తీస్తే వరసగా స్టీలు గిన్నెలు, టిఫిన్ డబ్బాలు. వాటి మీద చెక్కిన అక్షరాలేమిటని అడిగారు. మనుషుల పేర్లండీ అని ఒక్కొక్కటీ చదివాను. మా అత్తగారు. మల్లమ్మ. కింది అంతస్తు రమాదేవి. ఎదుటింటి లక్ష్మీకాంతం. ఆవిడ ఆ అక్షరాలను వేలితో తడిమారు.

"గిన్నెల గురించి మా ఇంట్లో తెగ చెప్పేవాడు. తమాషాకి అనుకునేదాన్ని" అన్నారు. తర్వాత, "ఇప్పుడైనా ఖాళీగా ఇవ్వకూడదా?" అని అడిగారు.

"కూడదండీ" అన్నాను. "ఏమీ లేకపోతే పంచదార."

అన్నిట్లోనూ ఆవిడే పంచదార వేశారు. ఇద్దరం గుమ్మం గుమ్మానికీ తిరిగాం. ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు ఆయన కథ ఒకటి చెప్పారు. నేను ఇంగ్లీషులోకి మారుస్తూ పోయాను. మల్లమ్మగారు గిన్నె అందుకుని, జోన్ గారి చెయ్యి వదలకుండా అంది, "నీ తమ్ముడు నీకేనమ్మా, తీస్కపో. మేం అడ్డం వడం. కని ఒక్క ముచ్చట. ఉత్త గిన్నెలిచ్చి పోయినప్పుడే మల్ల తిరిగొచ్చిండు. ఇప్పుడు ఆయన పేరు మీద నిండు గిన్నెలొచ్చినయ్. యాడికి పోతడు?"

దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి నేను రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున జోన్ గారు మా ఇంటికొచ్చి కూర్చున్నారు. "తూకం అయ్యాక పైన వేసేదాన్ని ఏదో అంటారని ఆర్థర్ చెప్పేవాడు. ఏమిటది?" అన్నారు. కొసరు అన్నాను. "అదే. అది ఇక్కడే పడింది. వాడిని ఇక్కడే ఉంచుదాం" అన్నారు. ఆ మాట నేను తెలుగులో చెప్పగానే తలుపు దగ్గర నిలబడి వింటున్న మా అత్తగారు వచ్చి ఆవిడను కావలించుకున్నారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

ఖననం రోజున చిన్న వాన పడింది. శనివారం మిత్రులు పాట పాడారు, మైసూర్‌పాక్ కుర్రాడు, ఇప్పుడు వాడే మేనేజరు, పెట్టె మోశాడు. ఇంత పొడుగు మనిషికి ఇంత ఇరుకు గుంతా అని మల్లమ్మగారు తవ్వినవాళ్ళతో పోట్లాడింది. బ్రిగ్స్ గారు చూసి ఉంటే చాలా ఆసక్తికరంగా ఉందనేవారు.

జోన్ గారు వెళ్ళేటప్పుడు, మా ఇంట్లో ఉండిపోయిన ఆయన నీలం అంచు గిన్నెలో సున్నుండలు నింపి చేతిలో పెట్టాను. ఒక ఉండ తీసుకుని, గిన్నె నాకే తిరిగి ఇచ్చారు. "ఇది మీ దగ్గరే ఉండనివ్వండి. వాడి గిన్నె ఒకటి ఎవరింట్లోనో ఉండాలి కదా" అన్నారు.

సున్నుండలు అయిపోయాక కూడా మా అత్తగారు అందులో ఎప్పుడూ ఏదో ఒకటి పెడుతున్నారు. ఎవరూ ఎందుకని అడగరు. అలాంటి పొరుగు మనిషి మాకు మళ్ళీ దొరకడు. ఆ చోటు భర్తీ కాదు, కావాలని కూడా లేదు.

బ్రిగ్స్ గారూ, మీ గిన్నె మా ఇంట్లోనే ఉందండి. నిండుగానే ఉంది.