గద్వాల పార్కులో ఎండిన కానుగలు

2023 వేసవి. నాగర్‌కర్నూల్ నుంచి గద్వాలకు అప్పుడే బదిలీ అయి వచ్చాను. పట్టణంలోని పార్కుల్లో చెట్లూ మొక్కలూ చూసుకునే సూపర్‌వైజర్ పని నాది. చేరిన కొద్ది రోజులకే ఒక కాలనీ పార్కు నుంచి ఫిర్యాదు వచ్చింది. వెనక దారి పక్కనున్న కానుగ చెట్లు ఎండిపోతున్నాయని.

ఎండలకే ఎండాయని నమ్మలేకపోయాను. ముందు గేటు వైపు కానుగలు పచ్చగానే ఉన్నాయి. చిటారు కొమ్మ నుంచి కిందికి ఎండుతూ రావడాన్ని మేము డైబ్యాక్ అంటాం. తెగులు వల్లయితే ఒక చెట్టు ముందూ ఒకటి వెనకా ఎండుతాయి. ఇక్కడ దారికి గోడ వైపు ఉన్నవన్నీ ఒక్కసారే వాడాయి. చెట్టు మొదట్లో మట్టి గీకి చూస్తే బెరడులో వేలు పట్టేంత రంధ్రం, దాన్ని మూసిన మట్టిముద్ద, ఘాటు వాసన. ఎవరో వడ్రంగి బర్మాతో తొలిచి గడ్డిమందు పోశారు.

వాచ్‌మన్‌ని అడిగితే గొంతు తగ్గించాడు. "ఇంకెవలు సారు, గోడవతల ఎరువుల దుకాణం చెన్నయ్య సేటు. బోర్డుకు చెట్లు అడ్డమొస్తున్నయని తిడుతనే ఉంటడు."

"నువ్వుండగా ఇన్ని చెట్లు ఎలా తొలిచారు?" అని గట్టిగా అడిగాను. చీకటి పడకముందే ఇంటికి పోతాడని అప్పుడు బయటపడింది. అతన్నీ అనుమానించాను.

చెన్నయ్య దాచలేదు. "తిట్టిన మాట నిజమే. గని ఎండల వచ్చిన రైతులు ఆ నీడకే బండ్లు ఆపుకొని దుకాణంలకొస్తుండ్రి. ఇప్పుడు చూడు, ఒక్కడన్న నిలబడుతుండా? నా నోట్ల నేనే మట్టి కొట్టుకుంటనా?"

"మందు నీ దగ్గర దొరికేదే కదా?"

బిల్లు పుస్తకం తిరగేశాడు. "పొలం లేని మనిషి ఒక్కామె కొన్నది. సుశీలమ్మని, దవాఖానల ఆయా. పెరట్ల గడ్డికన్నది."

తన మీది నెపం ఒక పేదరాలి మీదికి తోస్తున్నాడా? ఆ అనుమానంతోనే ఆమె ఇంటికి వెళ్లాను. పార్కు గోడకు ఆనుకుని చిన్న రేకుల ఇల్లు. లోపల ముసలి అత్త నుదుట తడిగుడ్డ వేసి సుశీలమ్మ విసురుతోంది. ఇంటర్ చదివే కూతురు గుమ్మంలో నిలబడింది.

"నీకు పెరడే లేదు కదమ్మా, గడ్డిమందు ఎందుకు?"

విసనకర్ర ఆగింది. కూతురిని లోపలికి పొమ్మంది.

"నేనే తొలిచి పోసిన సారు. బిడ్డ కాలేజి బస్సు దిగి ఆ దారినే రావాలె. కొమ్మలు లైటును కప్పేసినయి. ఆ చీకట్ల కూసొని తాగుతరు. ఒకనాడు ఒకడు దాని చున్నీ పట్టి గుంజిండు. జర కొమ్మలు కొట్టియ్యిండ్రని ఆఫీసు చుట్టూ తిరిగిన. చెట్టు మీద చెయ్యేస్తే కేసైతదన్నరు. మరి నా బిడ్డ మీద చెయ్యేస్తే?"

"ఇప్పుడు దారి బాగయిందా?" అన్నాను.

"యాడిది సారు! నీడ పోయినంక మాపటికి నడవనొచ్చే ఆడోళ్లు సెగకు వచ్చుడు బంద్ చేసిండ్రు. రేకులు కాలి మా అత్తకు వడదెబ్బ తాకింది. తాగెటోళ్లు మాత్రం పోలే. గిట్లయితదని నాకు తెల్వదు."

రిపోర్టులో మందు సంగతి రాశాను. ఆమె మొర ఎవరూ వినలేదనీ రాశాను. ఆమె కూడా ఆఫీసుకు వచ్చి, తాను చేసింది అందరి ముందే చెప్పింది. కేసు పెట్టాల్సిందేనని కొందరు పట్టుబట్టారు. ఆమెను ఎందుకు వెనకేసుకొస్తున్నానా అని నన్నూ అదోలా చూశారు. చివరికి జరిమానాతో పోయింది.

దారికి అవతలి వైపు మిగిలిన చెట్లకు కింది కొమ్మలు తీసేసి, క్యానపీని, అంటే కొమ్మల గొడుగును, మనిషి చూపుకు అడ్డం రానంత ఎత్తుకు తెచ్చాం. లైట్లను ఆ గొడుగు కిందికి దించాం. కాలేజి బస్సు వచ్చి వెళ్లేదాకా వాచ్‌మన్ కదలకూడదన్నాం. పోలీసులు సాయంత్రాలు అటు తిరగడం మొదలుపెట్టాక తాగేవాళ్లు జాగా మార్చారు. ఎండిన చోట కొత్త మొక్కలు పెట్టాం. సుశీలమ్మ డ్యూటీకి పోయే ముందు వాటికి నీళ్లు పోస్తుంది. కూతురు ఇప్పుడా దారినే భయం లేకుండా ఇంటికొస్తోంది.

ఆ తర్వాత ఏ పార్కుకు వెళ్లినా మధ్యాహ్నం నీడ చూసి సంతృప్తి పడటం మానేశాను. పొద్దు గుంకే వేళ మళ్లీ వెళ్తాను. అక్కడ నడిచే ఆడవాళ్లను ఆపి, ఏ మలుపు దగ్గర అడుగు వేగం పెంచుతారో అడుగుతాను. వాళ్లు చూపించిన చోటు నుంచే నా పని మొదలవుతుంది.