ముట్టుకుంటే పోయే పుస్తకాలు

మడి మీద ఎన్ని సభల్లో మాట్లాడినా, ఎన్ని వ్యాసాలు రాసినా నేను అడిగింది ఒకటే ప్రశ్న: ముట్టుకుంటే ఏమవుతుంది? ఆ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. చిన్నప్పుడు అమ్మ ఆరేసిన మడిచీర తగలకుండా నడుం వంచి నడిచీ నడిచీ, ఒకరోజు విసుగొచ్చి దాన్ని పిడికిట్లో పట్టుకుని చూశాను. ఏమీ కాలేదు. ఆ భయం అక్కడితో పోయింది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక వస్తువుని ఎవరూ ముట్టుకోకూడదు. ఆ నియమం పెట్టింది నేనే.

అది నా పాత ఈ-రీడర్. కళ్లు దెబ్బతిన్నాక అచ్చుపుస్తకంలో అక్షరాలు నాకు చీమల బారులా కనిపిస్తాయి. ఫోను వెలుతురుకి కళ్లల్లో నీళ్లు కారతాయి. ఈ బూడిదరంగు తెర మీద మాత్రం అక్షరాన్ని బొటనవేలి గోరంత చేసుకుని చదువుకోగలను. కొన్న పుస్తకాలూ, చదువుతూ పక్కన రాసి ఆ రచయితలతో పెట్టుకున్న తగాదాలూ అన్నీ అందులోనే ఉన్నాయి.

ఆ మధ్య కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. పాత మోడళ్లకి ఇకపై కొత్త పుస్తకాలు రావట. ఉన్నవి చదువుకోవచ్చట. ఒకసారి అంతా చెరిపేసి రీసెట్ చేస్తే మాత్రం అది మళ్లీ నా ఖాతాలో చేరదు, పుస్తకాలు దానిలోకి తిరిగి రావు. కొత్తది కొంటే ధర తగ్గిస్తారట. కొత్తదాన్ని ఎన్నాళ్లకి ఇలా వదిలేస్తారో మాత్రం రాయలేదు. పైగా కేబుల్ పెట్టి నేనే ఎక్కించుకున్న పుస్తకాల పక్కన రాసుకున్నవేవీ ఆ కొత్తదానిలోకి రావు. తలుపు బయట గడియ పెట్టి, లోపల హాయిగా కూర్చోండి అన్నట్టుంది ఆ మర్యాద.

పోయిన వారం అది ఒక పేజీ దగ్గర బిగుసుకుపోయింది. గవర్నర్‌పేటలో రిపేరు షాపుకి పట్టుకెళ్లాను.

"రీసెట్ కొట్టేద్దామండీ, ఎంతసేపు!" అంటూ షాపతను వేలు పెట్టబోయాడు. చేతిలోంచి లాక్కున్నాను.

"వస్తువు మీదే కదా మేడమ్, అంత భయమేంటండీ?"

"నాదే అయితే భయం దేనికయ్యా?"

ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు ఉయ్యూరు నుంచి మా ఆడపడుచు వచ్చింది. పూజ కాకుండా కాఫీ ముట్టని మనిషి. నా నోటికి భయపడనిది మా చుట్టాల్లో ఆవిడొక్కతే. భోజనాలయ్యాక బల్ల తుడుస్తూ, తడిచేత్తోనే రీడర్ని పక్కకి జరపబోయింది.

"ముట్టుకోకు!"

నా నోట అచ్చం అమ్మ గొంతే. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తర్వాత పగలబడి నవ్వింది.

"ఇదేంటి వదినా, మడి కట్టుకున్నావా? నా పూజగదిని ఎన్ని మాటలన్నావు!"

సంగతి చెప్పాను. "ఆపి మళ్లీ ఆన్ చేస్తే సరిపోదూ? మా అల్లుడు ఫోనుకి అదే చేస్తాడు" అంది.

"అది రీస్టార్ట్. దానివల్ల ఏమీ పోదు."

"తెలుసుగా, మరి నొక్కు."

"రేపు నొక్కుతాలే."

"ఏం, ఇవాళ వర్జ్యమా?"

నొక్కాను. తెర నల్లబడింది, తెల్లబడింది, చాలాసేపు అలాగే ఉండిపోయింది. చివరికి అదే పేజీ వచ్చింది. వేలితో తోస్తే తిరిగింది.

"హమ్మయ్య!" అంది ఆవిడ. నాకు మాత్రం సంతోషం నిలవలేదు. రీస్టార్ట్ భయం నేను పెంచుకున్నది. నొక్కి చూశాను, పోయింది. రీసెట్ భయాన్ని ఎలా పరీక్షించను? మడిచీర ముట్టుకుంటే ఏమీ కాలేదు. ఇక్కడ ముట్టుకుంటే నిజంగానే పోతుంది. ఇన్నేళ్లూ ఉత్త శాపాల మీద పోట్లాడాను. పనిచేసే శాపం ఎదురైతే ఏం చెయ్యాలో ఏ సభలోనూ చర్చకు రాలేదు.

"ఎక్కడ పెట్టమంటావు?" అని ఆవిడే అడిగింది. పై అర చూపించాను. ఈసారి నవ్వలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని, దాన్ని రెండు చేతులతో తీసి, నువ్వే పెట్టుకో అన్నట్టు నాకు అందించింది.

నేనూ చేతులు కొంగుకి తుడుచుకుని అందుకున్నాను.