గువ్వ నెత్తురు

మా చిన్నాయన ఇంటికి చుట్టాలెవరు వచ్చినా ఆ కథ చెబుతాడు. మొదలుపెట్టగానే నేను లేచి లోపలికి పోతాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. బళేపేటలో మా నాయనకు గాజుల అంగడి ఉండేది. ఆయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, అక్కడే తోడుగా ఉండేవాడు. ఒకరోజు బేరం మధ్యలో నాయన మూతి వంకర పోయిందని, కుడి చెయ్యి పడిపోయిందని ఊరి చివర వైట్‌ఫీల్డ్‌లో నా ఆఫీసుకు ఫోన్ వచ్చింది.

“ఆసుపత్రికి ఎత్తుకొని పోతా ఉండాము, నువ్వు వచ్చెయ్ పాపా,” అన్నాడు చిన్నాయన.

ట్రాఫిక్‌లో పడి నేను అంత దూరం నుంచి వచ్చేసరికి వాళ్ళింకా చేరలేదు. బళేపేట నుంచి ఆ ఆసుపత్రి ఎంత దూరమని! ఈ మనిషి ఎక్కడ చచ్చాడని గేటు దగ్గర నిలబడి తిట్టుకున్నాను.

ఎట్టకేలకు ఆటో వచ్చింది. నాయన కుడి చెయ్యి, చెంప, చెవి మీది జుట్టు అంతా నెత్తురు. ఎండి అట్ట కట్టింది, ఈగలు ముసురుతున్నాయి. నీచు వాసన కొడుతోంది. ఊపిరి బిగబట్టి నాయనను స్ట్రెచర్ మీదికి ఎక్కించాను.

స్కాన్ చూసిన డాక్టరమ్మ నిలబడే చెప్పింది. మెదడుకు పోయే పెద్ద రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందట. దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉందట. జబ్బు మొదలైన మూడు గంటల లోపే ఇవ్వాలట, ఇంకా కొంచెం టైముందట. మాట, చెయ్యి తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అంది. అంతలో నాయన జుట్టు వైపు చూసి, “ఈ రక్తం ఎక్కడిది?” అని అడిగింది.

“కింద పడినాడు మేడమ్. షోకేసుకు తల కొట్టుకునింది. గాజు పెంకులు గుచ్చుకునినాయి,” అన్నాడు చిన్నాయన, తడుముకోకుండా.

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. “తలకు దెబ్బ తగిలుంటే ఈ మందు ఇవ్వలేం. లోపల రక్తం కారితే ప్రాణానికే ముప్పు.”

అప్పుడైనా చిన్నాయన నిజం చెప్పాలి కదా, చెప్పలేదు. నాయన మాత్రం ఎడమ చెయ్యి లేపి, నన్నే చూస్తూ “గు... గు...” అన్నాడు.

“చూడండి మేడమ్, గుచ్చుకునిందని ఆయనే చెప్తా ఉండాడు,” అన్నాడు చిన్నాయన.

డాక్టరమ్మ పెద్ద డాక్టరును పిలిపించింది. అట్ట కట్టిన నెత్తురు కింద దెబ్బ ఎంతుందో తేలక ఆయనా వద్దన్నాడు. ఆ కొంచెం టైమూ అలాగే అయిపోయింది.

తర్వాత నర్సు నాయన తల కడిగింది. గాటు లేదు, బొప్పి లేదు. చెవి వెనక బూడిద రంగు ఈక ఒకటి అంటుకుని ఉంది. పావురం ఈక. మా ఇళ్ళలో పావురాన్ని గువ్వ అనే అంటాం. నాయన చెప్పబోయిన మాట అదీ.

ఈక తెచ్చి చిన్నాయన ముఖం ముందు పెట్టాను.

“పక్షవాతానికి గువ్వ నెత్తురు మంచిది పాపా. వేడివేడిగా పుయ్యాల. అందుకే దారిలో ఆటో నిలిపించి కోయించినా.”

“మరి డాక్టరుకు ఆ మాట చెప్పడానికేం?”

“ఇంత పెద్ద ఆసుపత్రిలో నాటు వైద్యమంటే నగుతారు కదా. మన మర్యాద ఏం కావాల?”

ఛీ, అన్నాను. పావురాన్ని కోయించినందుకు ఆయన్ని క్షమించగలనేమో. ఆ మర్యాదను మాత్రం ఎప్పటికీ క్షమించలేను.

ఆ మందు పడి ఉంటే నాయనకు మాట వచ్చేదో లేదో ఎవరూ చెప్పలేరు. రాలేదు. ఏం అడిగినా ఆ ఒక్క అక్షరమే. ఇప్పుడు చుట్టాలు వస్తే చిన్నాయన ఆయన్ని పక్కనే కూర్చోబెట్టుకుని, “గువ్వ నెత్తురు పుయ్యబట్టే మా అన్న బతికి ఉండాడప్పా,” అని మొదలుపెడతాడు.

నాయన ఎడమ చెయ్యి లేపి, “గు... గు...” అంటాడు.

“చూసినారా? ఆయనే చెప్తా ఉండాడు,” అంటాడు చిన్నాయన.